75 గంటల చదువు

తలుపు తట్టాలి. లోపలున్న మనిషికి చెవులు వినబడకపోయినా, నిద్రలో ఉన్నా, మతి తప్పి కన్నకూతురినే పోల్చుకోలేకపోతున్నా సరే, తట్టి, మన పేరు చెప్పి, ఎందుకొచ్చామో చెప్పి అప్పుడు గదిలో అడుగుపెట్టాలి. తెర లాగాలి. చేతులు కడుక్కోవాలి. ఒంటి మీద ఏ భాగం తుడుస్తున్నామో అంతవరకే తెరిచి, మిగతాదంతా దుప్పటితో కప్పి ఉంచాలి. న్యూజెర్సీలో నేను చెప్పే నర్స్ ఎయిడ్ క్లాసు ఈ పాఠంతోనే మొదలవుతుంది. మనిషిని ఎంత నేర్పుగా పక్కకు తిప్పినా, తెర లాగడం మర్చిపోతే పరీక్షలో మార్కు పోతుంది.

కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా పెద్దింటి మర్యాదల్లా అనిపిస్తుంది. హైతీ నుంచి వచ్చినవాళ్లుంటారు, ఘనా, ఫిలిప్పీన్స్, గుజరాత్ వాళ్లుంటారు, ఈమధ్య మన తెలుగు అమ్మాయిలూ ఉంటున్నారు. ఇంట్లో అమ్మమ్మకో అత్తగారికో చేసినవాళ్లే అందరూ. "ముసలామెకి నీళ్లు పోయడానికి తలుపు తట్టడమేంటి మేడమ్?" అని తెనాలి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె నవ్వేసింది. అందుకే నేను మధ్యలో పుస్తకం మూసేసి చరిత్ర చెబుతాను. ఏ రూలు ఎవరి చావు వల్ల వచ్చిందో తెలిస్తే ఆ రూలు మళ్లీ మర్చిపోరు.

మన గుంటూరులో నర్సింగ్ హోమ్ అంటే పది మంచాల ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే లేవలేనివాళ్లు, మతి తప్పినవాళ్లు నెలలూ ఏళ్లూ ఉండిపోయే ఇల్లు. వాళ్లను రోగులు అనరు, రెసిడెంట్లు అంటారు. డాక్టరు ఎప్పుడో వస్తాడు. నర్సు మందులిస్తుంది, కట్లు కడుతుంది, కాగితాలు రాస్తుంది. మిగతా రోజంతా ఆ మనిషి నర్స్ ఎయిడ్ చేతుల్లో ఉంటుంది. ఎయిడ్‌కు రాష్ట్రం సర్టిఫికెట్ ఇచ్చాక ఆమెను సర్టిఫైడ్ నర్స్ ఎయిడ్, పొట్టిగా సీఎన్ఏ అంటారు. ఆమె అంటున్నానంటే, ఈ పనిలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే. నేను గుంటూరులో నర్సింగు చదివి, ఇక్కడ లైసెన్సు పరీక్ష గట్టెక్కేదాకా సీఎన్ఏగానే బతికాను.

అమెరికాలో ఈ పని మొదట చేసినవాళ్లలో ఖైదీలున్నారు. 19వ శతాబ్దంలో దిక్కులేని ముసలివాళ్లకు కౌంటీవారి పేదల ఇల్లే గతి. అక్కడ కాస్త కాళ్లాడే పేదలు, కాళ్లాడని పేదలకు చేసేవారు. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో 1873లో నర్సింగ్ స్కూలు పెట్టేదాకా, తాగి అల్లరి చేశారనో వీధుల్లో తిరుగుతున్నారనో పది రోజుల శిక్ష పడ్డ ఆడవాళ్లను తెచ్చి వార్డుల్లో పని చేయించేవారు. స్కూలు వచ్చింది, తెల్ల టోపీ వచ్చింది, నర్సు ఒక మెట్టు పైకెక్కింది. ఆమె విడిచిపెట్టిన పని, అంటే ఒళ్లు కడగడం, తినిపించడం, మలమూత్రాలు ఎత్తడం, ఇంకో మనిషికి మిగిలింది. మన దగ్గర ఆ పనిని కులం చూసి ఇచ్చాం. ఇక్కడ చాలాచోట్ల రంగు చూసి ఇచ్చారు.

పేదల ఇళ్లంటే సంస్కర్తలకు ఒళ్లు మంట. అవి మూతపడాలన్న పట్టుదలతోనే 1935 ఆగస్టు 14న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన సోషల్ సెక్యూరిటీ చట్టంలో ఒక షరతు పెట్టారు: పేద వృద్ధులకు ఇచ్చే సాయం ప్రభుత్వ సంస్థలో ఉంటున్నవాళ్లకు చెల్లదు. ఉద్దేశం మంచిదే. కానీ నడవలేని ముసలివాళ్లు ఎక్కడికి పోతారు? నెలనెలా చేతికి వచ్చే ఆ డబ్బు చూసి, ఖాళీ గదులున్న ఇళ్లవాళ్లు ఇద్దరినో ముగ్గురినో తెచ్చి పెట్టుకున్నారు. తర్వాత పదిమందిని. అలా పుట్టింది ప్రైవేటు నర్సింగ్ హోమ్. చాలాచోట్ల దాన్ని అడిగే నాథుడు లేడు. ఈ ఇళ్లకు లైసెన్సులిచ్చే ఏర్పాటు రాష్ట్రాలు చేసుకోవాలన్న మాట సోషల్ సెక్యూరిటీ చట్టంలోకి 1950 సవరణలతో గానీ రాలేదు. ఆ లైసెన్సయినా ఇంటికే, లోపల పనిచేసే మనిషికి కాదు.

నడుమ ఒక చిత్రం జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సులు సైన్యంతో వెళ్లిపోతే ఆసుపత్రులు నడవడానికి రెడ్ క్రాస్ వాళ్లు 1941 నుంచి నర్స్ ఎయిడ్ వాలంటీర్లను తయారుచేశారు. లక్షమందికి పైగా గృహిణులు, ఆఫీసు అమ్మాయిలు నీలం గౌను తొడుక్కుని చేరారు. వాళ్లకిచ్చిన శిక్షణ 80 గంటలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. యుద్ధం అయ్యాక వాలంటీర్లు ఇళ్లకు వెళ్లిపోయారు. నర్సింగ్ హోముల్లో చేరిన జీతగత్తెలకు మాత్రం ఒక్క గంట శిక్షణ కూడా తప్పనిసరి అని దేశమంతటికీ చెప్పే చట్టం ఇంకో నలభై ఏళ్లు రాలేదు. ఉదయం ఉద్యోగంలో చేరితే మధ్యాహ్నానికి పన్నెండు మంచాలు అప్పగించేవారు.

1963 నవంబరు 23. ముందురోజు కెన్నెడీని కాల్చి చంపారు, దేశమంతా టీవీలకు అతుక్కుపోయి ఉంది. ఆ తెల్లవారుజామున ఒహాయోలో ఫిచ్‌విల్ అనే పల్లెలో గోల్డెన్ ఏజ్ నర్సింగ్ హోమ్ కాలిపోయింది. లోపలున్న 84 మందిలో 63 మంది పోయారు. వాళ్లలో 21 మందిని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వాళ్లందరినీ నార్వాక్‌లో ఒకేచోట పూడ్చారు. ఇంకోరోజు జరిగి ఉంటే దేశం ఉలిక్కిపడేదేమో. ఆ వారం పత్రికల్లో వాళ్లకు చోటెక్కడిది?

రెండేళ్లకు, 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సాయాలు వచ్చాయి. ప్రభుత్వం డబ్బు ఏరులై పారింది. మోటెళ్లు కట్టే కంపెనీలు కూడా నర్సింగ్ హోములు కట్టాయి, షేర్లు అమ్మాయి. ఎయిడ్ మాత్రం అక్కడే ఉంది.

లోపల ఏం జరుగుతోందో చూసిన పెద్దమనిషి ఒకాయన గురించి చెప్పాలి, నాకు ఆయనంటే ఇష్టం. డేవిడ్ ప్రయర్, ఆర్కన్సా నుంచి కాంగ్రెస్ సభ్యుడు. తానెవరో చెప్పకుండా వారాంతాల్లో వాషింగ్టన్ చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో వాలంటీరుగా చేరి, మంచాల పక్కన పనిచేశాడు. చూసిందంతా 1970లో సభలో చెప్పాడు. దీని మీద ఒక కమిటీ వెయ్యండి అంటే సభ వెయ్యలేదు. ఆయన ఊరుకోలేదు. క్యాపిటల్ భవనానికి దగ్గర్లో ఒక పెట్రోలు బంకు పక్క ఖాళీ జాగాలో ట్రైలర్లు పెట్టించి, వాటిల్లో కుర్రాళ్లను కూర్చోబెట్టి సొంత కమిటీ నడిపాడు. మన ఎమ్మెల్యేలు ఆసుపత్రులకు ఆకస్మిక తనిఖీలకు వెళ్లడం చూశాం, వెనక నాలుగు కెమెరాలతో. బెడ్ ప్యాన్ పట్టుకున్న ప్రజాప్రతినిధి గురించి నేను విన్నది ఈయనొక్కడినే.

ఆ తర్వాత యూటా సెనేటర్ ఫ్రాంక్ మాస్ సబ్‌కమిటీ 1974, 75ల్లో వరసగా నివేదికలు వెలువరించింది. అందులో ఒక సంగతి మా క్లాసులో బోర్డు మీద రాస్తాను: నర్సింగ్ హోముల్లో జరిగే సేవలో నూటికి 80 నుంచి 90 వంతులు చేస్తున్నది ఎయిడ్లు, ఆర్డర్లీలే, వాళ్లలో ఎక్కువమందికి ఏ శిక్షణా లేదు. నాకైతే ఆశ్చర్యం లేదు. ఆ మాట సెనేటు కాగితం మీదికి రావడానికి అన్నేళ్లు పట్టిందే అన్నదే నా బాధ.

ఇక న్యూజెర్సీ. మా రాష్ట్రం ఈ కథలో రెండుసార్లు దేశానికే పాఠం చెప్పింది. మొదటిది కారెన్ ఆన్ క్విన్లాన్. 1975 ఏప్రిల్‌లో 21 ఏళ్ల పిల్ల స్పృహ తప్పి మళ్లీ లేవలేదు. శ్వాస యంత్రం తీసేయమని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1976 మార్చి 31న రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆసుపత్రుల్లో ఎథిక్స్ కమిటీలు పెరగడానికి ఆ తీర్పే దారి వేసింది. న్యాయశాస్త్రం పుస్తకాల్లో కథ దాదాపు అక్కడితో ముగుస్తుంది. నిజానికి యంత్రం తీశాక కూడా ఆమె ఊపిరి ఆగలేదు. మారిస్ ప్లెయిన్స్‌లో మారిస్ వ్యూ అనే నర్సింగ్ హోమ్‌కు మార్చారు. 1985 జూన్ 11 దాకా, తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. కదలని మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది మేం నేర్పే పాఠం. తొమ్మిదేళ్లంటే ఎన్నిసార్లో లెక్క కట్టుకోండి. తీర్పు రాసినవాళ్ల పేర్లు దొరుకుతాయి, పక్క మార్చినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

రెండోది క్లేర్ కాన్రాయ్ కేసు. ఇది అంత ప్రసిద్ధం కాదు గానీ మా పనికి ఇదే దగ్గర. 84 ఏళ్ల అవివాహిత, బ్లూమ్‌ఫీల్డ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉంది. మాటలేదు, లేవలేదు, ఒంటి మీద పుండ్లు, ముక్కులోంచి గొట్టంతో తిండి. ఉన్న ఒక్క చుట్టం, మేనల్లుడు, ఆ గొట్టం తీసేయమని అడిగాడు. కోర్టుల్లో నలుగుతుండగానే 1983 ఫిబ్రవరిలో గొట్టంతోనే ఆమె పోయింది. అయినా ఇలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని రాష్ట్ర సుప్రీంకోర్టు విచారణ ఆపకుండా 1985 జనవరి 17న తీర్పు చెప్పింది. ఆ తీర్పులో ఆమె స్థితి వర్ణించినచోట ఒక చిన్న వివరం ఉంది. కదిపినప్పుడు మూలిగేదట. జుట్టు దువ్వినప్పుడు, ఒళ్లు మెల్లగా రుద్దినప్పుడు అప్పుడప్పుడు నవ్వేదట.

ఈ మనిషి ఇంకా ఉందా లేదా, బాధ ఎక్కువా సుఖం ఎక్కువా అని పెద్ద జడ్జీలు తూచాల్సి వచ్చినప్పుడు త్రాసులో పడిన సాక్ష్యాల్లో అదొకటి. రోజూ పొద్దున జుట్టు దువ్వే పని ఎవరిదో మా విద్యార్థులకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే "ఏం చూశావో అదే చెప్పు, నీకేమనిపించిందో చెప్పకు" అని వాళ్లను అంతగా విసిగిస్తాను. "ఆవిడ హ్యాపీగా ఉన్నారు" అని రాయకూడదు. "జుట్టు దువ్వుతుంటే నవ్వారు" అని చెప్పాలి. కోర్టు ఇంకోమాట కూడా అంది. నర్సింగ్ హోమ్‌లో చాలామందికి అయినవాళ్లుండరు, డాక్టర్లు అరుదుగా వస్తారు, కాబట్టి గొట్టం తీయాలని ఎవరడిగినా ముందు ఇలాంటి చోట్ల ఉన్న వృద్ధుల ఫిర్యాదులు చూసే రాష్ట్ర అధికారికి, అంటే అంబుడ్స్‌మన్‌కు చెప్పాలి, ఆయన దాన్ని హింస జరిగి ఉండొచ్చన్న ఫిర్యాదులాగే చూసి విచారించాలి. ఆసుపత్రిలో ఉన్న క్విన్లాన్‌కు ఒక కమిటీ చాలనుకున్న కోర్టు, నర్సింగ్ హోమ్‌కు వచ్చేసరికి కాపలా పెట్టింది. అనుమానించడానికి అప్పటికే చాలా జరిగింది మరి.

దేశం మొత్తానికి చట్టం వచ్చిన దారి ఇంకోటి. డెన్వర్‌లో నర్సింగ్ హోమ్ రెసిడెంట్ల తరఫున 1975లో వేసిన దావాలో, డబ్బులిస్తే సరిపోదు, సేవ నిజంగా అందుతోందా లేదా చూసే బాధ్యత కేంద్రానిదేనని 1984లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నర్సింగ్ హోముల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. 1987 డిసెంబరు 22న రీగన్ సంతకం చేసిన బడ్జెట్ చట్టంలో ఒక భాగంగా నర్సింగ్ హోమ్ సంస్కరణ వచ్చింది. బడ్జెట్ బిల్లులో దూర్చారు కాబట్టి గట్టెక్కింది, విడిగా పెడితే ఏమయ్యేదో.

ఆ చట్టమే ఎయిడ్‌కు శిక్షణ ఉండాలంది. ఎన్ని గంటలు? కనీసం 75. యుద్ధకాలంలో వాలంటీరుకు 80 గంటలు అవసరమనుకున్న దేశం, జీవితమంతా అదే పని చేసే మనిషికి ఐదు గంటలు తగ్గించింది. రాష్ట్రాలు పెంచుకోవచ్చు. న్యూజెర్సీలో 90 గంటలు. మొదటి 16 గంటలు అవ్వందే రెసిడెంటును ముట్టుకోకూడదు. ఆ 16 గంటల్లో ఏం చెప్పాలో కూడా ఆ చట్టం కింద వచ్చిన కేంద్ర నిబంధనలే చెప్పాయి: మాట్లాడే తీరు, అంటు సోకకుండా చూడటం, గొంతులో అడ్డంపడితే ఏం చేయాలి, తన పని తాను చేసుకునేలా సాయపడటం, రెసిడెంటు హక్కులు. నేను మొదట చెప్పిన తలుపు తట్టడం ఇక్కడి నుంచి వచ్చింది.

ఆ చట్టం చేసిన అతి పెద్ద మేలు కట్లు విప్పించడం. 1980ల చివర్లో అమెరికా నర్సింగ్ హోముల్లో పదిమందిలో నలుగురిని కుర్చీకో మంచానికో కట్టి ఉంచేవారు. బనియన్లాంటి జాకెట్టు తొడిగి దాని తాళ్లు వెనక ముడివేసేవారు. పడిపోకుండా, వాళ్ల మంచికే అనేవారు. నేనేమీ ముక్కున వేలేసుకోలేదు. గుంటూరులో చదివేటప్పుడు సెలైన్ పీక్కునే ముసలివాళ్ల చేతులు బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీకి కట్టడం మేం రోజూ చూసిందే, బంధువులే కట్టమనేవాళ్లు. కట్టినంత మాత్రాన పెద్ద దెబ్బలు తగ్గలేదని ఇక్కడ పరిశోధనలు తేల్చాయి. కట్లలో చిక్కుకుని ఊపిరాడక పోయినవాళ్లున్నారు, 1992లో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరిక జారీచేసింది. పెన్సిల్వేనియాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు నడిపే కెండాల్ సంస్థ 1970ల నుంచే ఒక్క తాడు లేకుండా నడిపి చూపించింది. శిక్షగా గానీ సిబ్బంది సౌకర్యం కోసం గానీ కట్టడానికి వీల్లేదని 1987 చట్టం అంది. ఇప్పుడు అలా కట్టేది నూటికి ఇద్దరిని కూడా కాదు.

తాళ్లు పోతే కొన్నిచోట్ల మాత్రలు వచ్చాయి. 2011 చివర్లో నర్సింగ్ హోముల్లో దీర్ఘకాలం ఉంటున్నవాళ్లలో సుమారు 24 శాతానికి మానసిక రోగానికిచ్చే మందులు పడుతున్నాయి. ఆ మరుసటేడు ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే తగ్గింది. మందు ఇచ్చే అధికారం ఎయిడ్‌కు లేదు. కానీ "నిన్నటిదాకా ఇడ్లీ అడిగి తిన్నాయన ఇవాళ చెంచా పట్టుకోలేకపోతున్నారు" అని ముందు కనిపెట్టేది ఆమే. న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల కొన్నిచోట్ల ఇడ్లీలు పెడుతున్నారు లెండి, మనవాళ్లు వచ్చి చేరుతున్నారు.

మనవాళ్లు వచ్చాకే మా క్లాసులో కొత్త చిక్కులు. ఒకావిడ స్నానం వద్దంటుంది. కూతురు ఫోన్లో, "మా అమ్మ అలాగే అంటుందండీ, మీరు పట్టుకుని పోసేయండి, తర్వాత బానే ఉంటుంది" అంటుంది. కూతురి బాధ అబద్ధం కాదు. అయినా వద్దన్న మనిషి మీద చెయ్యి వేస్తే ఇక్కడ చట్టం దాన్ని దౌర్జన్యం అంటుంది. గదిలోంచి బయటికి రాకుండా తలుపు వేస్తే నిర్బంధం. ఆగాలి, గంట తర్వాత మళ్లీ అడగాలి, వేణ్నీళ్ల గుడ్డతో ఒళ్లు తుడుస్తానమ్మా అనాలి, ఒప్పుకోకపోతే నర్సుకు చెప్పాలి. మన అమ్మాయిలకు దీంట్లో ఒక సుళువుంది. "అమ్మమ్మగారూ, ఇవాళ ఏకాదశి కదండీ" అంటే లేచి కూర్చునేవాళ్లున్నారు. దీన్ని మోసం అనుకునే తోటి టీచర్లూ ఉన్నారు. ఆవేళ నిజంగా ఏకాదశి అయితే మోసం కాదని నా వాదన. కాకపోతే నేనూ ఒప్పుకోను.

డబ్బు సంగతి ఇంకా ఇరుకు. మన పెద్దవాళ్లు చేసినవాళ్ల చేతిలో ఏదైనా పెట్టకుండా ఉండలేరు. "ఉంచుకో తల్లీ, పిల్లలకు కొనిపెట్టు" అని 20 డాలర్లు దిండు కింద నుంచి తీస్తారు. తీసుకోకపోతే చిన్నబుచ్చుకుంటారు. తీసుకుంటే, రేపు ఆవిడే మర్చిపోయి "నా డబ్బులు పోయాయి" అంటే, అది సొత్తు కాజేయడం కింద విచారణకు వస్తుంది. అందుకే వద్దండీ అని దండం పెట్టి, ఆ సంగతి నర్సుకు కూడా చెప్పి రావాలని నేర్పిస్తాను. ఫోన్ గురించి చెప్పక్కర్లేదు. రెసిడెంట్ల ఫొటోలు, వీడియోలు సోషల్ మీడియాలో పెట్టిన ఉదంతాలు బయటపడి 2016 ఆగస్టులో కేంద్రం ఇన్‌స్పెక్టర్లకు ప్రత్యేకంగా ఆదేశాలు పంపింది. ముద్దుగా ఉన్నారని తీసినా సరే, తప్పే.

2010లో వచ్చిన చట్టం ఇంకో బరువు పెట్టింది. నేరం జరిగిందని అనుమానం వస్తే పోలీసులకూ రాష్ట్ర ఆరోగ్య శాఖకూ చెప్పాల్సిన బాధ్యత ఉద్యోగి సొంతం. ఒంటికి తీవ్రమైన గాయమైతే రెండు గంటల్లో, లేకపోతే 24 గంటల్లో. సూపర్‌వైజరుకు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. చెప్పినందుకు యాజమాన్యం కక్ష కట్టకూడదని కూడా అదే చట్టం అంటుంది. కట్టదని నేను హామీ ఇవ్వలేను.

1987 చట్టంలోనే రిజిస్ట్రీ ఉంది. ప్రతి రాష్ట్రం సీఎన్ఏల పేర్ల పట్టిక ఉంచాలి. హింస, నిర్లక్ష్యం, సొత్తు కాజేయడం రుజువైతే ఆ పేరు పక్కన రాస్తారు. రాసేముందు ఆమె మాట వినాలి, ఆమె వివరణనూ పక్కన చేర్చుకోవచ్చు. రాశాక నర్సింగ్ హోముల్లో ఉద్యోగం ఇక లేనట్టే. ఒక్కసారి జరిగిన నిర్లక్ష్యమైతే ఏడాది తర్వాత తీసేయమని అడగొచ్చని 1997లో కాస్త సడలించారు. ఈ పట్టిక ఉండాల్సిందే. చెయ్యి చేసుకున్న మనిషి ఇక్కడ మానేసి పక్క ఊళ్లో చేరిపోయే రోజులు దానివల్లే పోయాయి.

కానీ ఒక లెక్క నాకు మింగుడుపడదు. 2023లో ఏడాదికి సుమారు 38 వేల డాలర్ల జీతం ఉన్న ఎయిడ్ పేరు, తప్పుతో సహా, 1990ల నుంచీ ఎవరైనా చూడొచ్చు. ఏ నర్సింగ్ హోమ్ ఏ కంపెనీ చేతిలో ఉందో, ఆ కంపెనీ వెనక ఏ కంపెనీ ఉందో జనం చూసేలా కేంద్రం ఒకచోట పెట్టింది 2022 సెప్టెంబరులో. ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా.

ఇంకో లెక్క దీనికంటే పెద్దది. 1987 చట్టం ఎయిడ్ ఎన్ని గంటలు చదవాలో చెప్పింది, ఏం చేయకూడదో చెప్పింది. ఎంతమంది రెసిడెంట్లకు ఒక ఎయిడ్ ఉండాలో మాత్రం చెప్పలేదు. "సరిపడా" ఉండాలంది, అంతే. సరిపడా అంటే ఎంత? యజమాని లెక్కలో ఒకటి, రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న పిల్ల లెక్కలో ఇంకోటి. రెండు గంటలకోసారి పక్క మార్చాల్సినవాళ్లు పన్నెండుమంది, గంట కొట్టేవాళ్లు ఐదుగురు, మంచం దిగి పడబోయేవాళ్లు ఇద్దరు ఉంటే ఎవరి దగ్గరికి ముందు వెళ్లినా ఇంకొకరి పట్ల నిర్లక్ష్యమే అవుతుంది. ఆ నిర్లక్ష్యం ఎవరి పేరు పక్కన రాస్తారు?

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ నడుమ, మా రాష్ట్రంలో ఆండోవర్ అనే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో నలుగురికి మాత్రమే చోటున్న శవాల గదిలో 17 మృతదేహాలు పోలీసులకు కనిపించాయి. ఆ ఏడాది అక్టోబరులో న్యూజెర్సీ అంకె రాసింది: పగలు 8 మందికి ఒక సీఎన్ఏ, సాయంత్రం 10 మందికి, రాత్రి 14 మందికి సీఎన్ఏ పని చేసే సిబ్బంది ఒకరు. కేంద్రం 2024లో దేశమంతటికీ ఇలాంటిదే తెచ్చింది. ఒక్కో రెసిడెంటుకు రోజుకు కనీసం 3.48 గంటల సేవ, అందులో ఎయిడ్ చేతి మీద 2.45 గంటలు. మనుషులెక్కడ దొరుకుతారని నర్సింగ్ హోముల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో టెక్సస్ ఫెడరల్ జడ్జి ఆ నిబంధనను కొట్టేశాడు. జూలైలో వచ్చిన పన్నుల చట్టం దాన్ని 2034 దాకా అమలు చేయొద్దంది. మనుషులు దొరకరన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఈ జీతానికి దొరకరు అంటే పూర్తిగా నిజమయ్యేది.

అయితే 2003 నుంచి ఒక చిన్న రూలు అమల్లో ఉంది, దాన్నెవరూ కొట్టేయలేదు. ప్రతి నర్సింగ్ హోమ్ ఆవేళ్టి తేదీ, లోపలున్న రెసిడెంట్ల సంఖ్య, ఆ షిఫ్టులో ఎంతమంది నర్సులు, ఎంతమంది సీఎన్ఏలు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో కాగితం మీద రాసి అందరికీ కనబడేచోట అతికించాలి. చాలాచోట్ల రిసెప్షన్ పక్కన, పూలకుండీ వెనక ఉంటుంది. అమ్మనో నాన్ననో చేర్పించడానికి చోటు చూస్తున్నామని మనవాళ్లు ఫోన్ చేస్తుంటారు. నేల మెరుస్తోందా, శాకాహారం పెడతారా, గుడి దగ్గరేనా అని అడుగుతారు. ఆదివారం సాయంత్రం చెప్పకుండా వెళ్లి ముందా కాగితం చదవండి, రెసిడెంట్ల అంకెను సీఎన్ఏల అంకెతో భాగించండి, పదికి పైన వస్తే ఎందుకని అడగండి అని చెబుతాను.